సాక్రి మంచె మీద దగ్గు

సాక్రి మంచె పేరెత్తితే మా వైపు మగాళ్ళు టోపీ సర్దుకుంటారు. ఆడవాళ్ళు నవ్వుతారు. నవ్వేవాళ్ళెవరూ ఆ మంచె ఎక్కలేదు, అది వేరే సంగతి.

మూతపడ్డ రాగి గని దారి చివర, దేవదారు చిత్తడి అంచున ఉంటుంది అది. నాలుగు మొద్దుల మీద పన్నెండడుగుల ఎత్తున కట్టిన చెక్క మంచె. మూడు వైపులా పలకలు, పైన రేకు, లోపల ఇద్దరు పట్టే బల్ల. ముందు వైపు ఒక్కటే తెరిచి ఉంటుంది. కట్టినవాడు సాక్రి హార్యు. తొమ్మిదేళ్ళ కింద జింకల వేట మొదలైన రెండో రోజున ఆ బల్ల మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. మర్నాడు మధ్యాహ్నం వెళ్ళి చూస్తే టోపీ మీద జానెడు మంచు, ఒళ్ళో తుపాకీ. కింద చుట్టూ జింకల అడుగులే. నిచ్చెనకి తగిలించిన సంచిలో అతను దాచుకున్న రొట్టె కూడా అవే తినేశాయి. అంత ధీమా వాటికి!

అప్పట్నుంచి తెల్లారకముందు అక్కడ కూర్చున్నవాడికల్లా వెనక నుంచి దగ్గు వినిపిస్తుంది. రెండు పొడి దగ్గులు... కాస్త ఆగి, ఒక ‘హుఁ’. ముప్పై ఏళ్ళు గనిలో దుమ్ము పీల్చిన సాక్రి బతికున్నప్పుడు ఎలా దగ్గేవాడో సరిగ్గా అలాగే.

దక్షిణం వైపు పట్నం నుంచి వచ్చిన పళ్ళ డాక్టరొకడు ఎక్కాడు. కాఫీ ఫ్లాస్కు అక్కడే వదిలేసి దిగాడు. అది ఇంకా అక్కడే ఉంది, తెచ్చుకోడానికి మళ్ళీ రాలేదు. రంపం మిల్లు కుర్రాడొకడు ఎక్కి, ఆ సాయంత్రానికే వేట మానేశానన్నాడు. మూడేళ్ళ కింద పాస్టరు గారు దయ్యాలూ లేవు ఏమీ లేవని బల్లగుద్ది చెప్పి ఎక్కారు. దిగేటప్పుడు నిచ్చెన వాడలేదు.

ఆర్వో నిస్కలకి మాత్రం ఇవన్నీ పనికిమాలిన మాటలు.

ఆర్వోకి డెబ్బై ఆరేళ్ళు. మా వేట క్యాంపుకి పెద్ద. పెద్ద అని ఎవరూ ఎన్నుకోలేదు, కత్తెర ఆయన దగ్గరుంటుంది, అంతే. గురి తప్పినవాడి చొక్కా తోక, అంటే వెనక అంచు, కత్తిరించి, దాని మీద పేరూ తేదీ రాసి, క్యాంపు గోడకి మేకుతో కొట్టడం మా ఆచారం. ఒకసారి కొట్టిన గుడ్డ మళ్ళీ తియ్యరు. గోడ నిండా గుడ్డలే. ఆయన బావమరిది రూడీవే ఏడున్నాయి. అందులో ఒకటి, మగజింకలకి ఎరగా నిలబెట్టిన రబ్బరు ఆడజింకని నిజమైందనుకుని కాల్చినందుకు. అదీ చెవికి తగిలింది. యాభై ఒక్క ఏళ్ళలో ఆర్వో పేరుతో ఒక్క పేలిక లేదు.

సాక్రిది ఒకటి ఉంది. నీలం గళ్ళది. దాని కథ చెప్పుకోవాలి.

ఇరవై ఏళ్ళ కిందటి మాట. ఆర్వో చెట్టు మీద పొంచి ఉన్నాడు. పన్నెండు మొనల కొమ్ములున్న మగజింక నడుచుకుంటూ వస్తోంది. ఇంకో పది అడుగులేస్తే చాలు. అంతలో కాస్త అవతల చెట్టు మీదున్న సాక్రి దగ్గాడు. జింక ఎగిరి చిత్తడిలో పడి పారిపోయింది. ఆ రాత్రి ఆర్వో కత్తెర తీశాడు.

“నేను కాల్చనేలేదు కదా, గురి తప్పడమేంటి?” అన్నాడు సాక్రి.

“తుపాకీ పేలకపోయినా నా జింక పోయింది. వెనక్కి తిరుగు!” అన్నాడు ఆర్వో.

సాక్రి వెనక్కి తిరిగాడు. గుడ్డ కోయించుకున్నాడు. తర్వాత కంబళి చుట్టుకుని, తోక లేని చొక్కాతోనే మంచులో నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. మళ్ళీ క్యాంపు గడప తొక్కలేదు. పదకొండేళ్ళు, చచ్చేదాకా, ఇద్దరికీ మాటల్లేవు. కొట్లో ఎదురుపడితే ఒకడు మేకుల వైపు చూసేవాడు, ఒకడు రంగు డబ్బాల వైపు.

ఆ మంచె కట్టుకుని సాక్రి చేసిన పని చూసి ఊరంతా నవ్వింది. వేసవంతా రోజూ పొద్దుగూకే వేళ ఎక్కి కూర్చుని... దగ్గేవాడు. తుపాకీ లేదు, ఏమీ లేదు. ఊరికే దగ్గడం! దగ్గు మానడం తన చేతుల్లో లేదు కాబట్టి జింకలకే అలవాటు చేస్తాడట. మొదటి ఏడు జింకలు కాళ్ళు నేలకేసి కొట్టి, ముక్కులు ఎగబీల్చి పోయేవి. రెండో ఏడు తలెత్తి చూసి ఊరుకునేవి. మూడో ఏటికి అతను దగ్గుతుంటే కిందే నిలబడి ఆకులు నమిలేవి. ఇక ప్రతి ఏడూ ఓ మగజింక. ఆ సంగతి ఆర్వో కడుపులో మంట. ఆయన దాన్ని అదృష్టం అనేవాడు. గట్టిగా అనేవాడు.

ఇప్పుడు ఈ ఏటి సంగతి.

ఆర్వోకి రెండేళ్ళుగా జింక పడలేదు. తుంటి ఎముక అరిగిపోయింది. ఎండాకాలంలో భార్య హెల్మి బట్టలు ఆరేస్తూ తేల్చేసింది.

“ఏమయ్యా, ఈ ఏడు మగజింక తెచ్చావా సరే. తేలేదా, వచ్చే ఏటి నుంచి మంచె ఎక్కేది లేదు. క్యాంపులో కూర్చుని చిక్కుళ్ళు ఉడకబెట్టు.”

“చిక్కుళ్ళా? నేనా?”

“ఉప్పు చూసి వెయ్యి. కత్తెర రూడీకిచ్చెయ్యి.”

చిక్కుళ్ళన్నా ఆయన ఓర్చుకునేవాడేమో. కత్తెర రూడీ చేతికా! ఆ రాత్రి ఆయనకి నిద్ర లేదు.

జింకలు ఏ మంచెని లెక్కచెయ్యవో ఆ మంచె ఎక్కాలి. అడవి మొత్తం మీద అలాంటిది ఒక్కటే. తొమ్మిదేళ్ళుగా దాని మీద నిలిచి కూర్చున్నవాడు లేడు. ఆగస్టులో ఎవరికీ చెప్పకుండా ఒక దిష్టిబొమ్మ తయారు చేశాడు. తన పాత ఎర్ర గళ్ళ కోటు, తన ప్యాంటు, లోపల గడ్డి. ఏదీ ఉతకలేదు, తన వాసనే జింకలకి అలవాటు కావాలని. తలకి పిండి సంచి, దాని మీద బొగ్గుతో కళ్ళు. తల మీద నారింజ టోపీ, ఒళ్ళో తుపాకీలా ఒక కర్ర. తీసుకెళ్ళి సాక్రి బల్ల మీద కూర్చోబెట్టి తాడుతో కట్టాడు. రూడీ పాడు చేసిన ఆ ఒంటిచెవి రబ్బరు జింకని నలభై అడుగుల దూరంలో నిలబెట్టాడు. వచ్చే మగజింక చూపు దాని మీదుంటే మంచె మీద ఉండదు కదా.

సెప్టెంబరులో దూరం నుంచి చూశాడు. జింకలు బొమ్మని చూసి కాళ్ళు కొట్టాయి. అక్టోబరుకి ఒక ఆడజింక నిచ్చెనకి ఒళ్ళు రుద్దుకుంటోంది.

“చూశావురా సాక్రీ,” అన్నాడు ఆర్వో మనసులో. “దగ్గక్కర్లేదు. బుర్ర ఉంటే చాలు.”

నవంబరు పదిహేను. వేట మొదటి రోజు.

వాగు పక్క పాత మంచెకి పోతున్నానని ముందు రాత్రే క్యాంపులో అందరికీ చెప్పాడు. నాలుగింటికి లేచి, మరుగుదొడ్డికి వెళ్తున్నట్టు వెళ్ళి అటునుంచటే అడవిలో పడ్డాడు. కొత్త మంచు. గాలి లేదు. చీకట్లో దేవదార్లు మనుషుల్లా నిలబడి ఉన్నాయి... టార్చి వెయ్యలేదు.

నిచ్చెన ఎక్కాడు. ఒక్కో మెట్టుకీ తుంటి కలుక్కుమంటోంది. తాడు విప్పి, బొమ్మని కిందికి జారవిడిచి, మళ్ళీ దిగి, దాన్ని చెట్టు కింద కొమ్మలతో కప్పి, మళ్ళీ ఎక్కాడు. దాని కోటు తొడిగాడు. పిండి సంచికి కళ్ళ దగ్గర చిల్లులు చేసి తలకి తగిలించాడు. దాని టోపీ పెట్టుకున్నాడు. అది ఎలా కూర్చుందో అలాగే, తల కాస్త ఎడమకి వంచి, కర్ర ఉన్న చోట తుపాకీ పెట్టుకుని కూర్చున్నాడు. ఊపిరి పొగ కనిపించకుండా నోటి నిండా మంచు ముద్ద పెట్టుకున్నాడు.

అయిదున్నర అయి ఉంటుంది.

కింద మంచు నలిగిన చప్పుడు... కిర్రు... కిర్రు...

జింక నడక కాదది. రెండు కాళ్ళ నడక.

నిచ్చెన మూలిగింది. ఒక మెట్టు. ఇంకో మెట్టు. నల్లటి ఆకారం తల పైకొచ్చింది. ఆర్వో కదల్లేదు. కదిలితే మంచు మింగెయ్యాలి, మింగితే దగ్గొస్తుంది.

“ఉన్నావా గడ్డి బావా?” గుసగుసగా అంది ఆకారం.

రూడీ!

రూడీ అక్టోబరులో అడవికోళ్ళ వేటకొచ్చి బొమ్మని చూసేశాడన్నమాట. అసలు బావ తుంటి పట్టుకుని వచ్చేసరికి ఏడవుతుందని లెక్కేసుకుని, ముందే వచ్చి చోటు కాజేద్దామనుకున్నాడు. ఆర్వో పక్కనే బల్ల మీద చతికిలబడ్డాడు. తన సంచి తీసి ఆర్వో మోచేతికి తగిలించాడు. మోకాలు మీద చరిచాడు.

“బాగానే కూరాడు ముసలోడు. పొట్ట దగ్గర గడ్డి ఎక్కువైంది, అంతే.”

ఆర్వో పిడికిలి బిగిసింది. బొమ్మ పిడికిలి బిగించదు. మళ్ళీ వదిలాడు.

రూడీ అటూ ఇటూ చూశాడు. వెనక పలకల మీద చెయ్యేసి తడిమాడు. పాస్టరు గారి సంగతి గుర్తొచ్చిందేమో, గొంతు ఇంకా సన్నబడింది.

“సాక్రీ... వింటున్నావా? లేవనుకో. ఉంటే మాత్రం... నీకో మాట చెప్పాలి. ఎవరికీ చెప్పలేదు. ఈ గడ్డి వెధవ తప్ప ఇక్కడెవరూ లేరు కాబట్టి చెప్తున్నా.”

బొమ్మ విన్నది.

“ఆ పన్నెండు మొనల జింక నీ దగ్గుకి పారిపోలేదు. నేనవతల చెట్టు మీదున్నా. రాత్రి బీరు ఎక్కువైంది. ఆపుకోలేక... పైనుంచే ఉచ్చ పోశా. కింద రేకు డబ్బా ఉందని నాకేం తెలుసు? టపటపటపమని మోగింది. అప్పుడు కదా అది ఎగిరింది! నువ్వు దగ్గింది తర్వాత. బావ కత్తెర పట్టుకుని ఊగిపోతుంటే చెప్పడానికి నోరు రాలేదు. నీ తోక పోయింది. నా తోక మిగిలింది. అదీ సంగతి. నన్ను దగ్గి బెదిరించకు.”

సంచి గుడ్డ వెనక ఆర్వో చెవులు కాలిపోయాయి. నోట్లో మంచు కరిగి చల్లగా గొంతులోకి జారుతోంది. ఇరవై ఏళ్ళు! యాభై ఒక్క ఏళ్ళలో తన తీర్పు ఒక్కసారి తప్పలేదని గోడ చూపించి చెప్పుకునేవాడు. రూడీ పీక అక్కడికక్కడే పిసికెయ్యాలనిపించింది. కానీ ఆకాశం బూడిద రంగుకి తిరుగుతోంది... కింద ఏదో కదిలింది.

మగజింక.

పది మొనలు. మెడ గేదె మెడలా ఉబ్బి ఉంది. చిత్తడిలోంచి వచ్చి, రబ్బరు జింకని చూసి ఆగింది. మంచె వైపు కన్నెత్తి చూడలేదు. మూడు నెలలు పడ్డ కష్టం ఫలించింది. ఫలితం మాత్రం పక్కవాడికి దక్కబోతోంది.

రూడీ తుపాకీ ఎత్తాడు.

ఆర్వో తుపాకీ ఎత్తితే రూడీ కేక పెడతాడు. జింక పోతుంది. ఎత్తకపోతే రూడీ కాలుస్తాడు. జింకా పోతుంది, కత్తెరా పోతుంది, వచ్చే ఏడు చిక్కుళ్ళు! ఆర్వో ఇంకోసారి మంచు ముద్ద బుగ్గకి నెట్టుకున్నాడు. ఏం చెయ్యాలి... ఏం చెయ్యాలి...

ఖళ్. ఖళ్.

వెనక నుంచి. పలకల అవతల నుంచి కాదు. పలకలకీ తమ వీపులకీ మధ్య నుంచి.

...

హుఁ.

రూడీ తల మెల్లగా బొమ్మ వైపు తిరిగింది. బొమ్మ కూడా అదే దగ్గు విని అప్పుడే కళ్ళు తిప్పింది. బొగ్గు గీతల నడుమ, రెండు చిల్లుల్లోంచి, తడి కళ్ళు రూడీని చూసి... ఒకసారి రెప్పలార్పాయి.

“అమ్మా!” అన్నాడు రూడీ. అరవై ఎనిమిదేళ్ళవాడు.

తుపాకీ బల్ల మీద వదిలేశాడు. నిచ్చెన వాడలేదు. కింద మంచులో ధబ్బుమని పడి, ఊపిరి బిగబట్టుకుని అలాగే ఉండిపోయాడు.

జింక తలెత్తి రూడీని ఒకసారి చూసింది. ఆ మంచె మీంచి మనిషి రాలడం ఆ అడవికి కొత్త కాదు మరి. మళ్ళీ రబ్బరు జింక వైపు తిరిగింది. దగ్గుకైతే చెవి కూడా కదపలేదు. ఆ సంగతి ఆర్వో అప్పుడు పట్టించుకోలేదు. తుపాకీ ఎత్తాడు, నిదానంగా గురి చూశాడు, కాల్చాడు. అది రెండడుగులేసి కూలిపోయింది.

పొగ చెదిరాక కింది నుంచి సన్నగా వినిపించింది.

“బావా?... నువ్వేనా?”

“నేనే.”

“మొదట్నుంచీ?”

“గడ్డి ఎక్కువైందన్నావుగా పొట్టలో. అప్పట్నుంచి.”

రూడీ మొహం మీది మంచు తుడుచుకున్నాడు. తర్వాత అన్నాడు. “ఆ దగ్గు కూడా నువ్వేనా?”

ఆర్వో నోట్లో మంచు ఇంకా ఉంది. సగం ముద్ద. నోటి నిండా మంచుతో ఎవడూ దగ్గలేడు. దాన్ని ఉమ్మేసి అన్నాడు.

“కాక ఇంకెవడు?”

ఆ రాత్రి క్యాంపులో ఒకటే గోల. తుపాకీ వదిలేసి పారిపోయినవాడికి తోక ఒక్కటి చాలదని, కాలరు దాకా చొక్కా చీల్చెయ్యాలని ఆర్వో తీర్పు. రూడీ వీపు అందరికీ కనబడింది. మాంసం కూరిన రొట్టెలు తింటూ, బ్రాందీ తాగుతూ అందరూ ఆర్వోని మళ్ళీ మళ్ళీ దగ్గి చూపించమన్నారు. ఆయన దగ్గి చూపించాడు. “అచ్చం సాక్రీయే!” అన్నారు. ఉచ్చ సంగతి మాత్రం ఆయన ఎత్తలేదు. రూడీ బిక్కుబిక్కుమంటూ బావ మొహం చూస్తూనే ఉన్నాడు.

అందరూ పడుకున్నాక ఆర్వో లాంతరు పట్టుకుని బయటికెళ్ళాడు. జింక కొమ్మకి వేలాడుతోంది. దవడ తెరిచి దంతాలు చూడటం ఆయన అలవాటు, అరుగుదలని బట్టి వయసు చెబుతాడు. ఎప్పుడూ తప్పడు. వేలుతో వెనక పళ్ళు తడిమాడు.

నాలుగేళ్ళు. మహా అయితే అయిదు.

లాంతరు చేతిలో ఆగిపోయింది.

సాక్రి పోయి తొమ్మిదేళ్ళు.

దగ్గుకి చెవి కూడా కదపలేదీ జింక. మంచె ఎక్కి దగ్గితే మూడేళ్ళు పట్టింది సాక్రికి, అడవికి అలవాటు చెయ్యడానికి. తల్లి నేర్పిందనుకుందామా అంటే, అసలు దగ్గు వినకుండా దగ్గుకి అలవాటు పడేదెలా? పుట్టినప్పట్నుంచీ ప్రతి వేసవీ, ప్రతి పొద్దుగూకే వేళా... ఎవరో అక్కడ కూర్చుని దగ్గుతుంటే తప్ప.

ఆర్వో లోపలికొచ్చి గోడ ముందు నిలబడ్డాడు. చాలాసేపు. తర్వాత నీలం గళ్ళ గుడ్డ మేకు పీకాడు. ఒకసారి కొట్టిన గుడ్డ తియ్యకూడదన్నది ఆయన పెట్టిన నియమమే. ఆ మేకుకే రూడీ చొక్కా ముక్క కొట్టాడు. ఇరవై ఏళ్ళ కిందటి తేదీ వేశాడు.

మంచం మీంచి రూడీ కళ్ళు తెరిచి చూశాడు. దుప్పటి తల మీదికి లాక్కున్నాడు.

మర్నాడు తెల్లారకముందే ఆర్వో సాక్రి మంచె ఎక్కాడు. తుపాకీ తేలేదు. నీలం గళ్ళ గుడ్డ మడత పెట్టి బల్ల మీద ఎడమ పక్కన పెట్టాడు. తను నడిమధ్యన కూర్చున్నాడు. ఎక్కడికెళ్ళినా ఆయన మధ్యనే కూర్చుంటాడు.

“గుడ్డ తెచ్చా,” అన్నాడు.

చప్పుడు లేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. అది గొంతు దాకా వచ్చి ఆగిపోతోంది. డెబ్బై ఆరేళ్ళలో ఎవరితోనూ అనని మాట, దారి తెలియదు దానికి. గొంతు సవరించుకున్నాడు. ఖళ్, ఖళ్ అని దగ్గొచ్చింది. కింద చీకట్లో జింకలు ఆకులు నములుతున్నాయి. ఒక్కటీ ఆగలేదు.

అప్పుడు బల్ల కిర్రుమంది. ఎడమ పక్క. ఎవరో పక్కకి జరిగి చోటిచ్చినట్టు.

ఆర్వో మొహం తిప్పలేదు. ముందుకే చూస్తూ అన్నాడు.

“ఇంకాస్త జరుగు. నా తుంటి బాగాలేదు.”

బల్ల మళ్ళీ కిర్రుమంది.